ఇంట్లో డమ్మీ రౌండ్లు చేసుకునే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) ఇంట్లో ఎలా చేసుకోవాలని నువ్వు ఫోన్‌లో అడిగావు. అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. 9 ఎంఎం పిస్టల్‌తో ఇంట్లో డ్రై ఫైర్, అంటే తూటా పేల్చకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, మొదలుపెట్టానన్నావు. మంచి పని. షూటింగ్ రేంజ్‌లో చప్పుడు, టెన్షన్ మధ్య కుదరని ట్రిగ్గర్ పట్టు, ఇంట్లో రోజూ పది నిమిషాలు నిదానంగా చేస్తే కుదురుతుంది. డమ్మీ రౌండ్లు షాపుల్లో అల్యూమినియంవీ ప్లాస్టిక్‌వీ దొరుకుతాయి. అయినా నువ్వే చేసుకుంటానంటున్నావు కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకో. అది పిస్టల్లో అసలు రౌండులాగే కదలాలి. కానీ ఎవరు చూసినా, చీకట్లో వేలితో తడిమినా, అసలు రౌండు అనిపించకూడదు. కష్టమంతా ఈ రెండోదాని కోసమే.

అసలు రౌండుని విప్పి డమ్మీగా మార్చాలని మాత్రం చూడకు. ముందున్న బుల్లెట్ పీకి తుపాకి మందు పారబోసినా, ఆ మందుని అంటించే ప్రైమర్ అడుగున బతికే ఉంటుంది. అదొక్కటి పేలినా కంటికీ చేతికీ ప్రమాదమే. లైవ్ రౌండుకి, అంటే పేలే అసలు తూటాకి, డ్రిల్ తగిలించడం అసలు తలపుల్లోకే రాకూడదు. కాల్చేసిన ఖాళీ ఇత్తడి కేసింగ్‌తో (తూటా గొట్టంతో) గానీ, ఇంతవరకు ప్రైమర్ ఎక్కించని కొత్తదానితో గానీ మొదలుపెట్టు. మందు డబ్బా, కొత్త ప్రైమర్లు ఆ బల్ల మీదే కాదు, ఆ గదిలోనే ఉండకూడదు.

ముందు రీలోడింగ్ ప్రెస్ (కేసింగ్‌లతో మళ్లీ తూటాలు చేసే యంత్రం) మీద కేసింగ్‌ని సైజింగ్ డైలోకి, అంటే కొలతకి తెచ్చే అచ్చులోకి, పంపు. కాలిపోయిన ప్రైమర్ ఊడిపోతుంది, కేసింగ్ అసలు కొలతకి వస్తుంది. ఆ ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. వంటింటి బల్ల మీద ఈ పని పెట్టుకోకు, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. తర్వాత కేసింగ్ మధ్య నుంచి కాస్త కిందకి, బుల్లెట్ కూర్చునే చోటుకి దిగువన, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి 3 మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యి. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే ఆ రంధ్రంలోంచి అవతలి వైపు కనబడాలి. లోపల మందు లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రంధ్రం అంచున లేచిన గరుకు ఇత్తడిని ఆకురాయితో తీసెయ్యి, లేకపోతే బ్యారెల్‌లో తూటా కూర్చునే ఛాంబర్ గీసుకుంటుంది.

ప్రైమర్ ఉండాల్సిన గుంటని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నేను ఆటో పార్ట్స్ షాపులో దొరికే ఎర్ర సిలికాన్ గాస్కెట్ పేస్ట్‌తో నింపుతాను. చిన్న పుల్లతో అదిమితే అడుగున ఉన్న సన్న బెజ్జం గుండా కొంచెం లోపలికి దిగుతుంది, ఆరాక అదే గట్టిగా పట్టుకుంటుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, బయటికి ఉబ్బింది బ్లేడుతో సమంగా కోసెయ్యి. ఉబ్బు మిగిలితే పిస్టల్ పైన కదిలే స్లైడు పూర్తిగా మూసుకోదు. ఇలా నింపితే, ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్‌కి మెత్తగా ఆనడానికి చోటు దొరుకుతుంది, వెనక నుంచి చూస్తే వెండి రంగు ప్రైమర్ బదులు ఎర్రగా కనబడుతుంది. కాల్చేసిన ప్రైమర్‌ని అలాగే ఉంచి డమ్మీ అనుకోకు. పేలకుండా ఆగిపోయిన లైవ్ రౌండు మీద కూడా ఫైరింగ్ పిన్ కొట్టిన అలాంటి నొక్కే ఉంటుంది.

బుల్లెట్ ఎర్ర పూతదో నీలం పూతదో తీసుకుని కేసింగ్ మూతిలో కూర్చోబెట్టు. పెయింట్ మందంగా వేస్తే పెచ్చులు ఊడి ఛాంబర్‌లో చేరతాయి. మొత్తం పొడవు 29.69 మిల్లీమీటర్లు దాటకూడదు. 9 ఎంఎం రౌండు ఛాంబర్‌లో కేసింగ్ మూతి అంచు మీద ఆగుతుంది, కాబట్టి క్రింప్ చేసేటప్పుడు, అంటే ఆ మూతిని బుల్లెట్ చుట్టూ బిగించేటప్పుడు, ఆ అంచుని మరీ లోపలికి నొక్కెయ్యకు. బ్యారెల్ విడిగా తీసి అందులో వేసి చూడు. దానంతటదే టక్కున దిగి, బోర్లిస్తే జారి పడాలి. వాడేకొద్దీ బుల్లెట్ లోపలికి కుంగుతుంది, వెనక అంచు నలుగుతుంది. అలా అయినవాటిని మొహమాటం లేకుండా పారెయ్యి.

ఇక మీ నాన్న .22 రైఫిల్ సంగతి. దాని తూటాకి ప్రైమర్ విడిగా ఉండదు, కేసింగ్ అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి నడవదు. గోడకి స్క్రూలు బిగించే పసుపు ప్లాస్టిక్ యాంకర్లలో చిన్న సైజువి ఛాంబర్‌లో చక్కగా కూర్చుంటాయి, చాలామంది వాటినే వాడతారు.

అసలు ప్రమాదం సాధన చేస్తున్నప్పుడు కాదు, అయిపోయాక వస్తుంది. పిస్టల్‌లో మళ్లీ లైవ్ రౌండ్లు నింపేసి, ‘ఇంకొక్కసారి’ అని అలవాటుగా ట్రిగ్గర్ నొక్కేస్తారు. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు డ్రైవాల్ (పలచటి జిప్సం పలకలు), 9 ఎంఎం బుల్లెట్ వాటిని దాటుకుని పక్క గదిలోకి పోతుంది. నీ అపార్ట్‌మెంట్‌లో ఆ గోడ అవతల ఎవరో పసిబిడ్డని పడుకోబెట్టి ఉంటారు. మొదలుపెట్టే ముందు లైవ్ రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యి. ఛాంబర్ కళ్లతో చూడు, వేలు పెట్టి చూడు. డమ్మీలని పిస్టల్ మ్యాగజైన్‌లోకి (తూటాలు పేర్చే పెట్టెలోకి) ఒక్కొక్కటీ చూసుకుంటూ ఎక్కించు. ఇటుక గోడ వైపో, ఇసుక నింపిన బకెట్ వైపో గురిపెట్టు. ఆపేటప్పుడు ‘అయిపోయింది’ అని పైకి అను, గురి కాగితం పీకెయ్యి, కాసేపటి దాకా పిస్టల్ ముట్టుకోకు. డమ్మీలు మూత ఉన్న డబ్బాలో విడిగా ఉండాలి. జేబులో ఒక్కటి కూడా వద్దు.

రేంజ్‌కి వెళ్లినప్పుడు మాత్రం లైవ్ రౌండ్లూ డమ్మీలూ కలపొచ్చు. మ్యాగజైన్ నీకు చూపించకుండా స్నేహితుడితో నింపించు, మధ్యలో ఒకటి రెండు డమ్మీలు పెట్టమను. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ ముక్కు కిందకి వాలిందంటే, చప్పుడుకి ముందే నీ చెయ్యి భయపడుతోందన్నమాట. ఈ లోపం బయటపెట్టడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి దారి లేదు.

నీ రూమ్మేట్ హెచ్1బీ మీద ఉన్నాడన్నావు. వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఫెడరల్ చట్టం లెక్కలో ఖాళీ కేసింగ్, బుల్లెట్ కూడా తూటా కిందకే వస్తాయి. సరదాకి కూడా అతని చేతికివ్వకు, తాళం వేసి ఉంచు. ఇండియా వెళ్లేముందు రేంజ్‌కి వాడే బ్యాగు సర్దుకోవద్దు. ఏ మూలో ఒక తూటా దొరికితే ఎయిర్‌పోర్టులోనే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది.

ప్రెస్సు, డైలు మా గరాజ్‌లో బిగించే ఉన్నాయి. వచ్చే శనివారం ఖాళీ చేసుకుని రా, మొదటి నాలుగు డమ్మీలూ కలిసి చేద్దాం. కేసింగ్‌లు తెచ్చుకో, లైవ్ రౌండ్లు ఇంట్లోనే వదిలిపెట్టి రా. అత్తయ్య భోజనానికి ఉండమంటోంది.

మీ మావయ్య