బ్యాక్‌గ్రౌండ్‌లో జాబ్ ఫెయిలైనా షెల్ స్క్రిప్ట్ సక్సెస్ అని ఎందుకు చెప్తుంది?

ఎందుకంటే పక్కన ఏ పీఐడీ (ప్రాసెస్‌కి షెల్ వాడే గుర్తింపు నంబర్) ఇవ్వకుండా ఉత్త వెయిట్ (wait) కమాండ్ రాస్తే, అది జాబులన్నీ అయ్యేదాకా ఆగుతుంది గానీ వాటిలో ఏది ఫెయిలైనా చివర్లో 0 ఇస్తుంది, అంటే అంతా బాగానే ఉందన్నట్టు. కమాండ్ చివర & పెట్టగానే షెల్ దాన్ని వేరే ప్రాసెస్‌గా వదిలేసి కింది లైన్‌కి వెళ్లిపోతుంది, అప్పటికి అది పాసో ఫెయిలో తేలదు కాబట్టి ఆ లైన్‌కి కూడా 0 వేసేస్తుంది. అసలు రిజల్ట్ కావాలంటే ఆ పీఐడీ చెప్పి మరీ అడగాలి.

ఉదాహరణకి రెండు ఫోల్డర్లని టార్‌ (tar, ఫైళ్లని ఒకే ఫైల్‌గా కట్టే కమాండ్)తో ఒకేసారి బ్యాకప్ తీస్తున్నారనుకోండి. మొదటిది వదిలిన వెంటనే $! (చివరగా బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలినదాని పీఐడీ) ని ఒక వేరియబుల్‌లో దాచుకోవాలి (వెంటనే అంటే వెంటనే, ఇంకో & వచ్చిందా అది మారిపోతుంది), రెండోదానికీ అంతే. తర్వాత వెయిట్‌కి మొదటి పీఐడీ ఇచ్చి $? (ఇప్పుడే అయిన కమాండ్ రిజల్ట్) చూడండి, మళ్లీ రెండోది ఇచ్చి చూడండి. డిస్క్ నిండి ఏదైనా ఆగిపోయుంటే అక్కడ 0 రాదు. జాబ్ ముందే అయిపోయినా పర్లేదు, దాని రిజల్ట్ షెల్ గుర్తుపెట్టుకుంటుంది. రెండు పీఐడీలూ ఒకే వెయిట్‌కి ఇస్తే మాత్రం చివరిదాని రిజల్టే వస్తుంది.

చాలామంది సెట్ మైనస్ ఈ (set -e, కమాండ్ ఫెయిలైతే స్క్రిప్ట్‌ని ఆపే సెట్టింగ్) పెట్టాం కదా, ఏది ఫెయిలైనా స్క్రిప్ట్ ఆగిపోతుంది అనుకుంటారు. ఆగదు, బ్యాక్‌గ్రౌండ్‌లో పోయినదాన్ని అది పట్టించుకోదు. పీఐడీ ఇచ్చిన వెయిట్ 0 కాకుండా వేరేది ఇస్తేనే ఆపుతుంది.