‘నీగ్రో’లా, ‘నల్లజాతీయు’లా?

సందేహం: మా నాన్నగారి పుస్తకాల్లో ‘నీగ్రోలు’ అని ఉంది. పత్రికలు ‘నల్లజాతీయులు’ అంటున్నాయి. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి ‘ఆఫ్రికన్ అమెరికన్లు’ అనాలంటాడు. తెలుగులో ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: అమ్మా, మూడింటిలోనూ వ్యాకరణ దోషం లేదు. చిక్కంతా చరిత్రలో ఉంది.

స్పానిష్, పోర్చుగీసు భాషల్లో ‘నెగ్రో’ అంటే నలుపు. బానిసల వర్తకం సాగిన కాలంలో అది ఇంగ్లీషులో స్థిరపడింది. తమకు ఇతరులు తగిలించిన ఆ పేరునే ఆ జనం గౌరవనామంగా మలచుకున్నారు. దాని మొదటి అక్షరాన్ని పెద్దదిగా (క్యాపిటల్‌గా) రాయాలని నల్లజాతి మేధావి డుబాయిస్ వంటివారు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. న్యూయార్క్ టైమ్స్ 1930లో గానీ ఒప్పుకోలేదు. 1960లలో యువతరం దాన్ని వదిలి ‘బ్లాక్’ను ఎత్తుకుంది. 1988లో పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ ‘ఆఫ్రికన్ అమెరికన్’ కోసం గట్టిగా వాదించాడు.

ఈ సందర్భంలో నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌ను తలచుకోకుండా ఉండలేను. 1920లో, హైస్కూలు చదువు ముగించిన ఆ కుర్రవాడు మెక్సికోలో ఉన్న తండ్రి దగ్గరికి రైల్లో బయలుదేరాడు. తండ్రికి సొంత జనమంటేనే గిట్టదు. ఎందుకిలా అని మథనపడుతుండగా సెయింట్ లూయిస్ దగ్గర రైలు మిసిసిపీ వంతెన ఎక్కింది. సూర్యాస్తమయ వేళ. తండ్రి రాసిన ఉత్తరం కవరు వెనకే కవిత రాసేశాడు. యూఫ్రటీస్, కాంగో, నైలు, మిసిసిపీ: నాలుగు నదులనూ ఒకే గొంతు తనవిగా చెప్పుకుంటుంది. భాషలూ ఇంటిపేర్లూ పోగొట్టుకున్న జనానికి ఆ కుర్రవాడు నదులను వంశవృక్షంగా ఇచ్చాడు. 1921లో ‘ది క్రైసిస్’ పత్రికలో అచ్చయిన ఆ కవిత శీర్షికలో ‘నీగ్రో’ ఉంది. అనువాదకులు దాన్ని దిద్దకూడదు.

ఆ జనాన్ని ఒక జాతిగా కట్టి ఉంచింది ఒంటి రంగు కాదు. ఆఫ్రికా జ్ఞాపకం, బానిసత్వం, చర్చి, బ్లూస్ పాట, విముక్తిని తలచుకునే జూన్ 19 పండుగ – ఇవన్నీ కలిసి చేసిన పని అది. నల్లజాతి నాయకుడు మాల్కమ్ తన ఇంటిపేరు స్థానంలో ‘ఎక్స్’ పెట్టుకున్నది పూర్వికుల అసలు పేరు తెలియకనే కదా!

2020 నుంచి అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ కూడా ‘బ్లాక్’ను పెద్దక్షరంతో రాస్తోంది. మనకు పెద్దక్షరాలు లేవు. ఆ బరువు ‘జాతి’ అన్న మాటే మోయాలి. అందుకే ఉత్త ‘నల్లవాళ్లు’ చాలదు. ‘నల్ల’లో తప్పేమీ లేదు, పోతన ‘నల్లనివాడు’ అని కృష్ణుణ్ణే అన్నాడు. కానీ అది వర్ణన, జాతి పేరు కాదు. ఇక దొంగతనం వార్తలో దొంగ తెల్లవాడైతే ‘ఒక వ్యక్తి’, కాకపోతే ‘ఒక నల్లజాతీయుడు’ అని రాసే విలేకరులు ఆ అలవాటు మానుకోవాలి.

మామూలు రాతలో ‘నల్లజాతి అమెరికన్లు’ నాకు ఇష్టం. మీ అబ్బాయి మాటా తప్పు కాదు. ‘నీగ్రో’ను పాత రచనలకే పరిమితం చేయండి. ఈ మధ్యనే నైజీరియా నుంచి వచ్చి స్థిరపడినవారికి ఈ పేర్లు వర్తిస్తాయా అన్నది అక్కడే తేలలేదు. వారిని ‘నైజీరియన్ అమెరికన్లు’ అంటే మేలనిపిస్తుంది గానీ, పట్టుబట్టను.