శాసనం నకలు తీసేదెలా? తేదీ తేల్చేదెలా?

ప్రశ్న: మా ఊళ్లో కొందరం చరిత్ర సంఘంగా నెలకోసారి కూర్చుంటున్నాం. గుడి ముందున్న శాసనస్తంభం మీద అక్షరాలు సరిగా కనబడటం లేదు. తెల్ల పెయింటు నింపుదామని కొందరంటున్నారు. నకలు ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: పెయింటు జోలికి దయచేసి వెళ్లకండి. పాత లిపిలో ప, వ దగ్గరదగ్గరగా ఉంటాయి. రంగు నింపే మనిషి పొరబడితే ఆ తప్పే రాయి మీద నిలిచిపోతుంది, తర్వాత వచ్చే పండితుడూ అదే చదువుతాడు. సున్నం పేరుకుని ఉంటే ఉలితో గీకవద్దు, యాసిడ్ అసలే వద్దు.

గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంటే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తర్వాత రాయిని మంచినీళ్లతో, కొబ్బరి పీచుతో కడగండి. మ్యాప్‌లిథో కాగితాన్ని (పూత లేని అచ్చు కాగితం) రాయికన్నా నలువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించి, తడిపి అంటించండి. మెరుపు పూత ఉన్న కాగితం నీళ్లు పీల్చదు, పనికిరాదు. గట్టి కుచ్చు బ్రష్షుతో నడుమ నుంచి అంచులకు కొడుతూ పోతే లోపలి గాలి బయటికి పోయి కాగితం అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. ఎక్కడైనా చిరిగితే తడి ముక్క ఒకటి దానిమీద వేసి మళ్లీ కొట్టండి.

అసలు ఓపిక ఇక్కడే కావాలి. కాగితానికి చెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి, వేలికి తడి అంటకూడదు. అంతకుముందే సిరా వేస్తే పాకుతుంది. దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాను దూది మూటకట్టిన గుడ్డకు అద్ది, ముందు చిత్తుకాగితం మీద తట్టి చూసి, తర్వాత రాయికంటిన కాగితం మీద మెల్లగా తట్టండి. రుద్దితే సిరా గుంతల్లోకి దిగి అక్షరం పూడిపోతుంది. పని సరిగా జరిగితే నల్లని నేల మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. కాగితం దాదాపు ఆరాక పై మూల నుంచి ఊడదీయండి. పూర్తిగా ఎండేదాకా వదిలేస్తే గాలికి ఊడి చిరుగుతుంది. ఇస్త్రీ మాత్రం చేయకండి, దిగిన అచ్చు చదునైపోతుంది.

ఫోటో కూడా ఉండాలి. చీకటి పడ్డాక టార్చిని రాయికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని తీస్తే అరిగిన గీతలూ నీడపడి కనబడతాయి.

సమావేశంలో ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా ఎత్తి రాసి, తర్వాత పోల్చుకోవాలి. అనుమానమున్న అక్షరం బ్రాకెట్లో, పోయిన అక్షరానికి చుక్క. పంక్తుల సంఖ్య, రాయి కొలతలు, ఏ ముఖం ఏ దిక్కుకుందో కూడా పుస్తకంలో రాయండి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల శాసన సంపుటాలు అచ్చయ్యాయి. మీది అందులో ఉందేమో ముందే వెతకండి.

ప్రశ్న: శాసనంలోని శక సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి 78 కలిపితే సరిపోతుందా?

జవాబు: అన్నివేళలా కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ 13, వడ్డవారం అని ఉంది. 78 కలిపితే 1162. కానీ చిత్రభాను ఉగాది 1162లో వచ్చినా మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారి జనవరి వచ్చేసింది. అందుకే ఆ తేదీ 1163 జనవరి 19. వడ్డవారమంటే శనివారం, ఆ రోజు శనివారమే. సంవత్సరం పేరు, తిథి, వారం మూడూ కుదిరితేనే తేదీ ఖాయం చేయండి. ఏదైనా కుదరకపోతే ముందు అంకెను నకలులో మళ్లీ చదవండి.