తెలుగు బైబిల్ యాప్‌లో 'లోకం' అని వెతికితే యోహాను 3:16 ఎందుకు రాదు? ఎలా సరిచేయాలి?

పాత అనువాదంలో ఉన్నది 'లోకమును'. వాడేవాళ్లు టైప్ చేసేది 'లోకం'. ఉన్నదున్నట్టు పోల్చితే రెండూ కలవవు. గ్రాంథిక రూపం గుర్తుంచుకోమని వాళ్లకు చెప్పడం కన్నా ఆ పని ప్రోగ్రాముకు అప్పగించడమే మేలు.

ప్రతి వచనానికీ వెతకడానికి మాత్రమే వాడే రెండో ప్రతి తయారుచేయండి. అందులో అక్షరాల మధ్య కంటికి కనబడకుండా ఉండే రెండు గుర్తులు తీసేయాలి: యూనికోడ్ (కంప్యూటర్‌లో అక్షరాలకిచ్చే సంఖ్యల పట్టిక)లో 200సి (200C), 200డి (200D). 'యే'ను 'ఏ'గా, 'యె'ను 'ఎ'గా మార్చాలి. టైప్ చేసిన మాటకీ ఇదే మార్పు. అప్పుడు యేసు, ఏసు ఒకటే. తెరమీద చూపేది మాత్రం అసలు పాఠమే.

మాట చివర 'ం', 'ము' ఉంటే కోసి మిగిలినదానితో వెతకండి. ఇక్కడే తేడా కొడుతుంది: 'బలం' కోస్తే 'బల', అది 'బలి'లోనూ 'బల్ల'లోనూ దొరుకుతుంది. కనుక కోసిన చోట తర్వాతి గుర్తు గుణింతమో పొల్లో అయితే వదిలేయాలి.

సంధి ఇంకో చిక్కు. 'విశ్వాసం ఉంచు' అంటే 'విశ్వాసముంచు' దొరకాలి. మాటలు విడదీసి, 'ఉంచు'లోని ఉ బదులు కొమ్ము పెట్టి కూడా వెతకండి. 'నిత్యజీవము'లో జీవం దొరకాలంటే పదం మధ్యలోనూ చూడాలి. వచనాలు 31 వేల పైచిలుకే. ఫోన్‌లో మొదటి నుంచి చివరిదాకా వెతికినా ఆలస్యం తెలియదు.

'యోహాను 3 16' అని వెతికే పెట్టెలోనే టైప్ చేస్తే నేరుగా వచనం తెరవండి.