బాపుతో కలిసి స్వేల్‌డేల్ సీసం బాయిల మీదుగా ఒక రోజు నడక

మీరు లీడ్స్‌కు కొత్తగా వచ్చానని, ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారని రాశారు. ఒక్క రోజులో అయిపోయే కొండ నడక కావాలి, దారిలో పాత గనుల ఆనవాళ్ళు కూడా చూడాలి, పెద్దవాళ్ళు నడవగలరా అని అడిగారు. నేనూ లీడ్స్‌లోనే ఉంటాను. రెండేళ్ళ కింద ఆగస్టు చివర్లో మా బాపుతో, అంటే నాన్నతో కలిసి అచ్చం ఇలాంటి నడకే చేశాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను చెప్పే చోటు స్వేల్‌డేల్. యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్కులో ఉత్తరాన ఉన్న లోయ. లీడ్స్ నుంచి కారులో గంటన్నర పైనే పడుతుంది. గన్నర్‌సైడ్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టి, వాగు వెంట పైకెక్కి, మెల్‌బెక్స్ మూర్ అనే ఎత్తయిన బయలు దాటి, ఓల్డ్ గ్యాంగ్ అనే పాత సీసం కరిగించే మిల్లు మీదుగా రీత్ ఊరికి దిగాలి. దాదాపు 17 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 350 మీటర్లు. ఆగుతూ, చూస్తూ, తింటూ నడిస్తే ఏడు గంటలు. పరుగులా నడిచేవాళ్ళకు అయిదు గంటలు చాలు, కానీ అలా నడిస్తే ఈ కొండలో చూడాల్సింది ఏదీ కనబడదు.

మా బాపు సంగతి ఒక్క మాట చెప్పాలి. మందమర్రిలో సింగరేణి బాయిలో ముప్పై ఏళ్ళకు పైగా పని చేసి రిటైరయ్యాడు. మా దగ్గర బొగ్గు గనిని గని అనరు, బాయి అంటారు. లండన్ తీసుకెళ్తే రెండో రోజుకే విసుగొచ్చింది ఆయనకు. ఇక్కడ మాత్రం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నాకు ఆయనే గైడు.

గన్నర్‌సైడ్ నుంచి మొదటి అరగంట చెట్ల నీడలో, పచ్చిక బయళ్ళలో వాగు పక్కనే దారి. ఆ తర్వాత లోయ ఇరుకై, రెండు వైపులా కొండ చీలినట్టు లోతైన గండ్లు కనబడతాయి. నేను వానకు కోసుకుపోయాయేమో అనుకున్నాను. కాదు, మనుషులు చేసినవి. వాటిని హష్ అంటారు. కొండ మీద మట్టి కట్ట వేసి నీళ్ళు నిలిపి, ఒక్కసారిగా వదిలేవాళ్ళు. ఆ ఉధృతికి పై మట్టి అంతా కొట్టుకుపోయి, అడుగున సీసం ఉన్న రాతి పొర బయటపడేది. అక్కడ తవ్వడం, మళ్ళీ నీళ్ళు నిలపడం, మళ్ళీ వదలడం. అలా కొండనే కోసేశారు. బాపు చాలాసేపు నిలబడి చూశాడు. "ఓపెన్‌కాస్టే గదరా ఇది, డోజర్లు లేకుండ" అన్నాడు. ఓపెన్‌కాస్ట్ అంటే పైనుంచే తవ్వుకుంటూ పోయే బాయి.

కొంచెం పైకెళ్తే సర్ ఫ్రాన్సిస్ లెవెల్. లెవెల్ అంటే కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగం. దీన్ని 1864లో మొదలుపెట్టారు. పైన ఉన్న పనుల్లోంచి నీళ్ళు బయటికి పోవాలి, ఇంకా లోతున ఉన్న ఖనిజం అందాలి, అందుకని ఇంత కింద నుంచి తవ్వుకుంటూ పోయారు. మొదట చేత్తో, తర్వాతి ఏళ్ళలో గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులతో. ఆ గాలి నింపిన ఇనుప ట్యాంకు తుప్పు పట్టి ఇంకా అక్కడే పడి ఉంది. బాపు దాని మీద చెయ్యి వేసి, రివెట్లు ఒక్కొక్కటీ తడిమి చూశాడు.

అక్కడే, వాగు ఒడ్డున, రాతితో కట్టిన గదుల వరస ఒకటి ఉంది. పైకప్పు లేదు, ముందు గోడ లేదు. పశువుల కొట్టాలేమో అన్నాను. బాపు ఒప్పుకోలేదు. "ఇవి మాల్ పోసుకునేటివి. ఒక్కో గ్యాంగుది ఒక్కో అర. ఎవడు ఎంత తవ్విండో తెల్వకపోతే పైసలు ఎట్ల ఇస్తరు? మేం టబ్బు మీద నంబరు వేస్తుంటిమి గద" అన్నాడు. టబ్బు అంటే బొగ్గు నింపే బండి. తర్వాత చదివితే అక్షరాలా అదే. వాటిని బౌస్ టీమ్స్ అంటారు. నలుగురైదుగురు గనివాళ్ళు ఒక జట్టుగా చేరి, ఇంత ఖనిజానికి ఇంత అని గని కంపెనీ ఏజెంటుతో బేరం కుదుర్చుకునేవాళ్ళు. దాని కొలత బింగ్, అంటే సుమారు 400 కిలోలు. కొవ్వొత్తుల ఖర్చు, మందుగుండు ఖర్చు వాళ్ళ లెక్కలోంచే కోత. రాయి మంచిది తగలకపోతే నెలల కష్టానికి చేతికొచ్చేది ఏమీ ఉండదు. ఇది విన్నాక బాపు మొహం మారిపోయింది. ఆయన మొదట కోల్ ఫిల్లరుగా చేరినవాడు. చెమ్మాసు అనే పారతో, తట్టతో బొగ్గు ఎత్తి, టబ్బుల లెక్కన కూలి తీసుకున్నవాడు.

అక్కడి కుప్పల్లో ఒక చిన్న రాయి ఎత్తి నా చేతిలో పెట్టాడు. బూడిద రంగు మెరుపు, సైజుకు మించిన బరువు. గెలీనా, సీసపు ఖనిజం. బొగ్గు కంటే అయిదు రెట్లకు పైగా బరువుంటుంది. చూసి అక్కడే పెట్టేశాం. మీరూ అలాగే చేయండి, ఇక్కడి శిథిలాల్లో చాలావాటికి చట్టపరమైన రక్షణ ఉంది, రాయి కూడా తీసుకెళ్ళకూడదు. ఇంకో ముఖ్యమైన మాట. ఇక్కడి దుమ్ములో సీసం ఉంటుంది. మనం పులిహోరో, పెరుగన్నమో చేత్తో కలుపుకుని తింటాం కదా, తినేముందు సబ్బుతో, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళతో చేతులు కడుక్కోండి. శానిటైజర్ సూక్ష్మజీవులను చంపుతుంది కానీ సీసాన్ని తీసెయ్యదు. పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. సొరంగాల లోపలికి మాత్రం ఒక్క అడుగు కూడా వేయొద్దు. నేను ఫోన్ లైట్ వేసి కొంచెం తొంగి చూద్దామంటే బాపు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "గాలి ఆడని పాత బాయిల దీపం ఆరినంత జల్ది మనిషి పోతడు" అన్నాడు.

ఇంకా పైన బ్లేక్‌థ్వైట్ మిల్లు. రెండు వాగులు కలిసే చోట, నడుము దాకా మిగిలిన గోడలు, కొండ మీదికి పాకిన పొగగొట్టం. మేం అక్కడ తిన్నాం. ఇక్కడి నుంచి దారి తూర్పుకు తిరిగి, మెలికలు తిరుగుతూ నిటారుగా ఎక్కుతుంది. రోజు మొత్తంలో కష్టమైన ఎక్కుడు ఇదే.

పైకి రాగానే మూర్. చెట్టు అన్నది లేని ఎత్తయిన నేల, మోకాలి ఎత్తు హెదర్ పొదలు. ఆగస్టులో పూస్తాయి, కొండంతా ఊదా రంగు. పొదల్లోంచి గ్రౌస్ పక్షులు కాళ్ళ దగ్గరే లేచి అరుస్తూ ఎగిరిపోతాయి. నల్ల మొహం, తెల్ల మూతి, మెలి తిరిగిన కొమ్ముల గొర్రెలు స్వేల్‌డేల్ జాతివి. కంచె లేకపోయినా తమ కొండ ముక్క దాటి పోవు, తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది. కాలి కింద నేల మెత్తగా, నల్లగా, పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. అదే పీట్. నీళ్ళలో మునిగి పూర్తిగా కుళ్ళని నాచు, గడ్డి వేల ఏళ్ళుగా పేరుకున్నది. మీటరు మందం కావాలంటే సుమారు వెయ్యేళ్ళు. బాపు గుప్పెడు తీసి వాసన చూసి, "ఇంక బొగ్గు గాలే" అన్నాడు, అంటే ఇంకా బొగ్గుగా మారలేదని. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

మెల్‌బెక్స్ మూర్ మధ్యలో హెదర్ ఉన్నట్టుండి ఆగిపోయి, గులకరాళ్ళ ఎడారి మొదలవుతుంది. తవ్వి, కడిగి, పారబోసిన రాయి అది. పని ఆగిపోయి వందేళ్ళు దాటినా గడ్డి మొలవని చోట్లు ఉన్నాయి, నేలలో ఇంకా అంత సీసం ఉంది. అక్కడక్కడ తెల్లటి చిన్న పూల మొక్క ఒకటి మాత్రం ఆ విషపు నేలలోనే బతుకుతుంది.

మాకు టెన్షన్ పెట్టింది కూడా ఇక్కడే. రాళ్ళలో దారి ఎటుందో తెలియదు, పది నిమిషాల్లో పొగమంచు కమ్మేసింది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. నేను గబగబా ముందుకు పోబోతే బాపు ఆగమన్నాడు. బాయి లోపల దారి తప్పితే మొదట చేయాల్సింది ఆగడమేనట. బ్యాగులు కింద పెట్టి, జాకెట్లు వేసుకుని, ఇరవై నిమిషాలు కూర్చున్నాం. తర్వాత కాగితం మ్యాపు, కంపాస్ తీసి తూర్పుకు నడిస్తే వెడల్పాటి బండి బాట తగిలింది. అందుకే చెప్తున్నాను, ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు ఓఎల్ 30 కొనుక్కోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 999కి చేసి, పోలీసులను అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వాళ్ళంతా వాలంటీర్లు, డబ్బు తీసుకోరు.

ఆ బాట లెవెల్ హౌస్ బ్రిడ్జి మీదుగా ఓల్డ్ గ్యాంగ్ మిల్లుకు దింపుతుంది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పి. అందుకని నా భార్య మమ్మల్ని పొద్దున గన్నర్‌సైడ్‌లో దింపి, మధ్యాహ్నం అమ్మను సరెండర్ బ్రిడ్జి దాకా కారులో తెచ్చి, అక్కడి నుంచి మిల్లు దాకా నడిపించింది. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, వెడల్పు దారి, ఎత్తు తక్కువ. మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా నడక కష్టమైతే ఈ ముక్క ఒక్కటి చేయించినా చాలు. పొగగొట్టం నిలబడి ఉంది, గోడలున్నాయి, మెయిన్ చూడాల్సింది ఇదే.

మిల్లు పైన, ఏటవాలు ఎక్కితే, రాతి స్తంభాల వరసలు కనబడతాయి. పీట్ ఆరబెట్టుకునే షెడ్డు, దాదాపు 120 మీటర్ల పొడవు. గాలి ఆడాలని పక్క గోడలు కట్టకుండా స్తంభాలు పెట్టి, పైన హెదర్‌తో కప్పు వేశారు. ఇక్కడి మనుషులు కోసిన పీట్, ఇక్కడి కొలిమిలోనే మండింది. ఆ పొగను కొండ పైదాకా రాతి గొట్టంలో పోనిచ్చేవాళ్ళు. కొలిమికి గాలి లాగుడు బాగుండేది, పొగలో పోయే సీసం గొట్టం గోడలకు అంటుకునేది. దాన్ని గీకి తీయడానికి లోపలికి మనుషులను పంపేవాళ్ళు. ఈ మాట చెప్తే అమ్మ, "పిలగాండ్లనా?" అని అడిగింది. అవును, ఆ పనికి పిల్లలను కూడా దింపేవాళ్ళు.

తర్వాత వీళ్ళంతా ఎటు పోయారని బాపు అడిగాడు. 1880లలో స్పెయిన్ లాంటి చోట్ల నుంచి చవక సీసం వచ్చి ఇక్కడ ధర పడిపోయింది, బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొందరు అమెరికా పోయారు, కొందరు లాంకషైర్ బట్టల మిల్లులకు, చాలామంది పక్కనే ఉన్న డరమ్ బొగ్గు బాయిలకు. మన ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది 1889లో, అంటే దాదాపు అవే రోజులు. బాపు ఆ స్తంభాల మధ్య కూర్చుని కాసేపటికి, "అయితే బొగ్గులకే వచ్చిన్రన్నట్టు" అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. అమ్మ ఫ్లాస్కులోంచి ఛాయ్ పోసి ఇచ్చింది.

సరెండర్ బ్రిడ్జి నుంచి రీత్ దాకా ఇంకో గంటన్నర. క్రింగ్లీ బాటమ్ అనే ఇరుకు వాగు దగ్గర నిటారుగా దిగి ఎక్కాలి, మిగతాది పొలాల మధ్య సులువు. మా బాపు ఇది కూడా నడిచాడు, అప్పటికి ఆయనకు 64 ఏళ్ళు.

కారు ఒక్కటే ఉంటే రీత్‌లో పెట్టి, లోయ పైకి వెళ్ళే చిన్న బస్సులో గన్నర్‌సైడ్ చేరి, నడుచుకుంటూ కారు దగ్గరికే రండి. బస్సులు రోజుకు కొన్నే, ఆదివారం టైములు వేరు, ముందే చూసుకోండి. ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 దాకా గ్రౌస్ వేట ఉంటుంది, ఆదివారం మాత్రం వేటాడరు. చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ బూట్లు తప్పనిసరి. మీ నాన్నగారికి కింద ఊళ్ళో ఎంత ఎండగా ఉన్నా ఒక స్వెటర్ ఎక్కువ పెట్టండి, పైన గాలికి చేతులు మొద్దుబారతాయి.