పాత కారు తుక్కుకిస్తే ఎవరికి లాభం?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. మా కారుకు 16 ఏళ్లు. తుక్కుకిస్తే కొత్త కారు పన్నులో రాయితీ అంటున్నారు. ఇలాంటి పథకాలతో ఆర్థిక వ్యవస్థ నిజంగా పుంజుకుంటుందా? నాకేమైనా మిగులుతుందా?

జవాబు: పుంజుకుంటుంది, కొన్నాళ్లే. అమెరికా 2009లో ఇందుకు 300 కోట్ల డాలర్లు కేటాయించి, కారుకు 3,500 లేదా 4,500 డాలర్ల చొప్పున ఇచ్చింది. షోరూములు కిటకిటలాడాయి, ఆ తర్వాత అమ్మకాలు పడిపోయాయి. ఎలాగూ కొనేవాళ్లే కొన్ని నెలలు ముందు కొన్నారన్నమాట. పైగా నడిచే ఇంజిన్లలో సోడియం సిలికేట్ పోసి బిగుసుకుపోయేలా చేశారు. శుద్ధ దండగ!

మన కేంద్ర నిబంధన ప్రకారం సొంత వాహనానికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు తగ్గించవచ్చు. ఎంతన్నది రాష్ట్రం ఇష్టం. ముందే ఆర్టీవోలో కనుక్కోండి. పన్ను 1.6 లక్షలైతే గరిష్ఠంగా 40 వేలు. దానికి తుక్కు ధర కలిపినా సెకండ్‌హ్యాండ్ రేటుకు తక్కువైతే అమ్ముకోవడమే మేలు.

తుక్కుకే వేస్తానంటే బ్యాంకు హైపోథికేషన్ (ఆర్సీలో ఉండే లోను తాకట్టు నమోదు) తీయించి, చలాన్లు కట్టేసి, ఒరిజినల్ ఆర్సీతో రిజిస్టర్డ్ తుక్కు కేంద్రానికే ఇవ్వండి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండి అప్పగించినట్టు పత్రం) లేనిదే రాయితీ రాదు. పాత ఇనుము కొట్టువాడు వెయ్యి ఎక్కువిస్తానన్నా ఆశపడకండి, రికార్డుల్లో బండి మీ పేరునే ఉండిపోతుంది.