ఆ రెండు పేజీలు ఎందుకు దాటేశారు?

ఉత్తరం: మేం చెన్నై అడయార్‌లో ఉంటాం. మామయ్యగారికి 78 ఏళ్లు. గ్లకోమాతో చూపు బాగా తగ్గిపోయింది. రోజూ సాయంత్రం ఆయనకు విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ చదివి వినిపిస్తున్నాను. అందులో కులధర్మం గురించి, ఆడవాళ్ల గురించి ఉన్నవి నాకు మింగుడుపడవు. మొన్న అందులోని గిరిక అనే పాత్ర గురించి వచ్చిన చోట రెండు పేజీలు దాటేశాను. "ఇక్కడ ఇంకేదో ఉండాలే అమ్మా" అన్నారు, అంతే. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆయనకు ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. మావారేమో "చదివేసెయ్, నీదేం పోయింది" అంటారు. నమ్మని మాటలు రోజూ నా నోటితో చదవడం తప్పు కాదా? మానేయనా?

జవాబు: చదివినంత మాత్రాన నమ్మినట్టు కాదమ్మా. జమీందారీ చెదిరిపోతోందని బాధపడే ఈ నవలను పి.వి. నరసింహారావు గారు 1968లో ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. ఆ తర్వాత ముఖ్యమంత్రి అయినప్పుడు భూసంస్కరణల కోసం గట్టిగా నిలబడ్డదీ ఆయనే. మీ ప్రశ్నకు ఇంతకుమించి జవాబు అక్కర్లేదు.

నన్ను పట్టుకున్నది ఆ రెండు పేజీలు. ఆయనకు తెలుసమ్మా. తెలిసీ ఊరుకున్నారు. గట్టిగా అడిగితే రేపటి నుంచి చదవరేమోనని భయపడి ఉంటారు. కళ్లు కనపడని మనిషి మీ గొంతును నమ్ముకుని కూర్చుంటే, ఏది వినాలో ఏది వినకూడదో ఆయనకు చెప్పకుండా మీరే తేల్చేశారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

పన్నెండేళ్లుగా ఎదురు చెప్పలేదని రాశారు. నోరెత్తని కోడలే మంచి కోడలన్న మాట నాకెప్పుడూ గిట్టదు. మనసులో మాట దాచుకుని తల ఊపడం మర్యాద కాదు. అది ఆయనకూ అవమానమే, మీకూ అవమానమే.

ఆ పేజీలు పూర్తిగా చదవండి. చదివాక పుస్తకం మూసి, నాకు ఇది నచ్చలేదు మామయ్యగారూ అనండి. ఎందుకో కూడా చెప్పండి. గిరిక దేవుడికి అంకితమైన దేవదాసి. ఆమె భక్తిని రచయిత ఎంతో ఎత్తున నిలబెట్టారు. నవల 1934 నాటిది. అంతకు నాలుగేళ్ల ముందే సంఘసంస్కర్త ముత్తులక్ష్మీ రెడ్డి గారు దేవదాసీల ఇళ్ల నుంచి బయటపడ్డ ఆడపిల్లలకు నీడగా అవ్వై హోం పెట్టారు. అది మీ అడయార్‌లోనే ఉంది. గుడికి అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ మద్రాసులో చట్టం రావడానికి 1947 దాకా పట్టింది. గిరికను చదువుతుంటే ఆ పిల్లలు గుర్తొచ్చి గొంతు పట్టేస్తోందని చెప్పండి. ఆయన వాదిస్తారు, వాదించనివ్వండి. ఒక పూట ముభావంగా ఉన్నా ఫరవాలేదు. గిరికలో మీకు కనపడనిది ఆయనకేం కనపడిందో అడగండి. జీవితమంతా చదువుకున్న మనిషిని అలా అడిగేవాళ్లు ఇప్పుడెవరున్నారు?

మీవారి సలహా మాత్రం వినకండి. వారానికి రెండు సాయంత్రాలు తండ్రి పక్కన కూర్చుని ఆయననే చదవమనండి. అది కొడుకు పని కూడా.

ఈరోజు కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి. "మొన్న రెండు పేజీలు దాటేశాను మామయ్యగారూ" అని చెప్పి, అక్కడి నుంచే చదవండి.